మోటారు బీమా: ప్రశ్న అడుగువారెవ్వరు?



కారు కొన్నవాడు, తనకు ఇష్టమున్నను లేకున్నను, దానితోపాటు ఏటేట కొనక తప్పని సరకు మఱియొకటి కలదు. అది కంటి కగపడదు, చేతి కందదు. దానితో పని పడకుండుటయే దానిని కొన్నవాని అదృష్టము. మోటారు బీమా యనబడు ఈ వింత సరకును మనము కొనెడు పద్ధతి గడచిన పది పదునైదేండ్లలో ఎట్లు మాఱినదో, ఆ మార్పువలన గూడూరు చేరువనున్న కోట, వాకాడు, చిల్లకూరు వంటి తీరసీమలలో నివసించు కారు యజమానికి ఒనగూడిన లాభమెట్టిదో, అతనికి తెలియకయే అతని చేజారిపోయిన దేమో ఈ పూట కొంత విచారింతము.

బీమా లేని మోటారు రోడ్డెక్కరాదను నియమము నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో 1930లో చేసిన చట్టము ననుసరించి మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టములో దానిని చేర్చిరి. కాని ఆ భాగము అమలులోనికి వచ్చినది 1946 జూలై 1వ తేదీన. ఆ చట్టమునకు బదులుగా వచ్చిన 1988 నాటి చట్టమునందలి 146వ సెక్షను నేటికిని అదే శాసించుచున్నది. ఇందలి ఉద్దేశము బండి యజమానిని కాపాడుట కాదు, బండి క్రింద పడినవానిని కాపాడుట. దారిన పోవు కూలివానిని కారు గ్రుద్దినపుడు, యజమానికడ ధనము లేదను కారణముచేత ఆ కూలివాని కుటుంబము వీధిపాలు కాకుండునట్లు, ఆ పరిహారభారమును కంపెనీపై మోపిన ఏర్పాటది. మనవారు దీనినే థర్డ్ పార్టీ యందురు. తన కారునకు కలుగు నష్టమునకు గూడ పరిహారము కోరువాడు అదనముగా సొమ్ము చెల్లించి కొనునది ఫుల్ ఇన్సూరెన్సు. ఈ రెంటికిని గల భేదము తెలియకయే పదేండ్లుగా ప్రీమియము కట్టుచున్నవారు మనలో అరుదు కారు.

కోటలో నేడు కార్లకు కొదువ లేదు. రొయ్యల గుంటలు వచ్చిన పిమ్మట, సిలికా ఇసుక లారీల కెక్కి దేశాంతరములకు పోవుట మొదలైన పిమ్మట, కృష్ణపట్టణపు రేవు పనిచేయ నారంభించిన పిమ్మట, ఒకప్పుడు గూడూరు బస్సుకొఱకు కూడలిలో నిలుచున్న కుటుంబములే సొంత కారులో చెన్నపట్టణపు ఆసుపత్రులకును, తిరుపతి కొండకును, నెల్లూరు కాలేజీలకును పోయి వచ్చుచున్నవి. 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన క్రిస్ సిటీ పారిశ్రామిక ప్రాంతము పూర్తియైనచో ఈ రాకపోకలు ఇంకను హెచ్చును. కార్లు పెరిగినవి, వానితోపాటు బీమాకొనువారును పెరిగిరి. అయితే బీమా అమ్మెడు మనిషి మాత్రము కోట వీధులలో కానరాకుండుచున్నాడు.

పూర్వము బీమా కొనుట యనగా ఒక మనిషిని ఎన్నుకొనుటయే. ధరను ఎన్నుకొను అవకాశము కొనువానికి లేకుండెను. ఏలయన దేశమంతటికిని టారిఫు ఒక్కటే, ఆ టారిఫు పుస్తకములో నున్నదే రేటు. బీమా వ్యాపారము మన తెలుగువారికి క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిన సంగతి పెద్దవారెఱిగినదే. కాని 1973 జనవరి మొదలుకొని జీవితేతర బీమా వ్యాపారము జాతీయమై, 107 కంపెనీలు కలిసి నాలుగు ప్రభుత్వ సంస్థలుగా నిలిచినవి. ఈ నాలుగింటిలో ఏ కంపెనీకడ కొన్నను ధర యొక్కటే యగుటచేత, యజమాని చూచుకొనవలసినది ఒక్క విషయమే: ఆపద వచ్చినపుడు తనతో గూడూరునకో నెల్లూరునకో వచ్చి, బ్రాంచి కార్యాలయములో తన పక్షమున నిలిచి మాటలాడు ఏజెంటు ఎవడు?

ఆ ఏజెంటు గడువు తేదీని తన డైరీలో వ్రాసికొని, పాలసీ ముగియుటకు వారము ముందే ఇంటికి వచ్చెడివాడు. కార్బను కాగితము పెట్టి కవర్ నోటు వ్రాసి యిచ్చెడివాడు. అది 60 దినములు చెల్లును. అసలు పాలసీ ఆలోగా తపాలాలో వచ్చిన వచ్చును, లేకున్న మఱల అడుగవలెను. వాని వ్రాత చదువుటకు వైద్యుని చీటీ చదివిన నేర్పు కావలసివచ్చెడిది. కమీషను తీసికొనుచు, కాఫీ త్రాగుచు, అతడు చేయు మఱియొక పని మాత్రము ఏ పుస్తకములోను వ్రాయబడలేదు. బండిచుట్టు ఒకమాఱు తిరిగి, “యాడ పెడతా వుండారన్నా బండి? వానాకాలం మీ యింటికాడ నీళ్లు నిలుస్తాయా? తమ్ముడేమైనా కిరాయికి తోలతా వుండాడా?” అని ముచ్చటగా అడిగెడివాడు. ఆ ముచ్చటయే అసలైన బీమా పరీక్ష యని అడిగినవానికి గాని, సమాధానము చెప్పినవానికి గాని తోచి యుండదు.

ఏజెంట్లందఱును సత్యహరిశ్చంద్రులని చెప్పుట నా యుద్దేశము కాదు. ప్రీమియము పుచ్చుకొని, కంపెనీకి కట్టక, నకిలీ కాగితము చేతిలో పెట్టినవారు నుండిరి; లారీ యజమానులు కొందఱు అట్టి కాగితములను నమ్మి న్యాయస్థానములో తెల్లబోయిరి. ముందుగా ప్రీమియము చేతికి రానిదే కంపెనీ బాధ్యత వహింపరాదని 1938 నాటి బీమా చట్టములోని 64వీబీ సెక్షను చెప్పుచున్నందున, ఏజెంటు జేబులో నిలిచిపోయిన సొమ్ము చాల సందర్భములలో యజమాని నెత్తిపై పిడుగైనది. ఈ దోషమును క్రొత్త పద్ధతి చాల వఱకు మాన్పినదని ముందుగానే ఒప్పుకొనవలెను.

మార్పు రెండంచెలుగా వచ్చినది. 1999 నాటి చట్టముతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెఱచుకొనినవి; వానిపై పెత్తనము చేయు నియంత్రణ సంస్థ, ఐఆర్‌డీఏఐ యని మనము పిలుచునది, మన హైదరాబాదులోనే స్థిరపడినది. 2007 జనవరి 1వ తేదీనుండి కారు సొంత నష్టమునకు సంబంధించిన రేట్లపై టారిఫు కట్టు సడలినది. అప్పటినుండియే ఒకే కారునకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ధర చెప్పుట ఆరంభమైనది. ధరలు వేఱైనపుడు గాని పోల్చిచూచెడివానికి పని కలుగదు. ఆ పని చేయు అంగళ్లు ఇంటర్నెట్టుపై వెలసినవి. 2008లో పుట్టిన పాలసీ బజార్ వానిలో ప్రసిద్ధమైనది. 2017లో అనుమతి పొందిన ఆకో, గో డిజిట్ వంటి కంపెనీలు, ఊరూర బ్రాంచి తెఱచుటకంటె ఫోనునే బ్రాంచిగా చేసికొనుట సులభమని తలంచినవి. దీనికి తోడు యూపీఐ వచ్చి, చెక్కు వ్రాయనక్కఱలేకయే, గూడూరు పోనక్కఱలేకయే సొమ్ము క్షణములో చేరుచున్నది.

ఇప్పుడు జరుగునది చూడుడు. యజమాని తన బండి నంబరును ఫోనులో కొట్టును. కన్ను మూసి తెఱచునంతలో ఆ బండి ఏ కంపెనీది, ఏ మోడలు, ఏ యేట రిజిస్టరైనది, ఇంజను ఎంతటిది, ఏ బ్యాంకునకు అప్పున్నది, పాత పాలసీ గడువు ఎన్నడు అను విషయములన్నియు తెరపై నిలుచును. దేశములోని రిజిస్ట్రేషను వివరములన్నిటిని ఒకచోట చేర్చిన వాహన్ అను ప్రభుత్వ భాండాగారమే ఇందులకు ఆధారము. ఒకప్పుడు ఏపీ 26 అను అక్షరములు చూచినంతనే ఇది నెల్లూరు బండి యని చెన్నపట్టణపు ట్రాఫిక్కులో సైతము గుర్తించి చేయి ఊపెడివారము. 2019లో రాష్ట్రమంతటికిని ఏపీ 39 వరుస వచ్చినందున ఆ గుర్తు మనుష్యులకు పోయినది గాని యంత్రమునకు పోలేదు.

ఆ వెంటనే పది పదునైదు కంపెనీల ధరలు వరుసగా వచ్చి నిలుచును. ఇచట కొంచెము నిలిచి చూడవలెను. ఏలయన ఆ ధరలో కొంత భాగము ఎవ్వరును మార్పలేనిది. థర్డ్ పార్టీ ప్రీమియమును కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ 1నుండి అమలైన పట్టిక ప్రకారము 1000 సీసీ లోపు కారునకు 2,094 రూపాయలు, 1000 మొదలు 1500 సీసీ వఱకు 3,416 రూపాయలు, అంతకు మించినచో 7,897 రూపాయలు. పన్ను దీనికి అదనము. ఇందులో ఏ కంపెనీయు ఒక్క రూపాయి తగ్గింపజాలదు. కావున, సగము ధరకే బీమా యని తెరపై మెఱయు ప్రకటన కనబడినపుడు, ఆ తగ్గింపు సొంత నష్టపు భాగమునుండియే రావలెను. అక్కడ తగ్గించుటకు నిజమైన చౌకదనము ఒక మార్గము; కారు విలువను తక్కువగా చూపుట మఱియొక మార్గము.

ఆ విలువనే ఐడీవీ యందురు. కారు పోయినను, మునిగి పనికిరాకుండ చెడినను కంపెనీ ఇచ్చు గరిష్ఠ మొత్తము అదియే. టారిఫు పోయినను పాత టారిఫు పుస్తకములోని తరుగుదల లెక్క నేటికిని వాడుకలో నున్నది: ఆఱు నెలలలోపు 5 శాతము, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, ఐదేండ్లలోపు 50. ఆ టారిఫు ప్రకారము ఈ విలువ ఇట్లు లెక్కకట్టినదే యుండెడిది. నేడు తెరపై దానిని వ్రేలితో అటునిటు జరుపవచ్చును. కొంత క్రిందికి జరిపినచో ప్రీమియము తగ్గి మనసునకు హాయి కలుగును. ఆ హాయి ఎంతకాలము నిలుచునో వరద వచ్చువఱకు తెలియదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతము దాటినచో కారు పూర్తిగా పోయినట్లే లెక్క గట్టుదురు గనుక, నీట మునిగిన కారు యజమానికి ఆ నాడు దక్కునది తాను వ్రేలితో జరిపికొనిన విలువయే.

వరద మాట వచ్చినది గనుక మన తీరమును గూర్చి చెప్పవలెను. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటిన తుపానును చూచినవారు కోట, వాకాడు గ్రామములలో ఇంకను ఉన్నారు. అప్పటికి ఇక్కడ కార్లు అరుదు. 2015 నవంబరు, డిసెంబరు నెలలలో నెల్లూరును, చెన్నపట్టణమును ముంచిన వానలకును, 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడువద్ద జాతీయ రహదారిని తెంపిన వరదకును కార్లు ఆహుతియైనవి. పాలసీలో తుపాను, వరద, జలప్రళయము అను మాటలు స్పష్టముగానే యున్నవి. వానివలన కలుగు నష్టమునకు పరిహారము కలదు. అయినను నీట నిలిచిన కారును, నీరు తీసినదిగదా యని తాళము తిప్పి నడుపబోయినచో, నీరు ఇంజనులోనికి చొచ్చి లోపలి కడ్డీలు వంగి ఇంజను బిగిసిపోవును. ఇది వరదవలన కలిగిన నష్టము కాదు, తాళము తిప్పుటవలన కలిగిన నష్టమని కంపెనీ వాదించును. ఇంజను రక్షణకై వేఱుగా అదనపు కవరు తీసికొననివానికి ఆ వాదమునకు జవాబు దొరకుట కష్టము.

ఈ అదనపు కవరు తెరపై లేకపోలేదు. ఉన్నది, కాని టైరు కవరు, తాళపుచెవుల కవరు, సామాను కవరు, రోడ్డుపై సాయపు కవరు అను వానినడుమ, అదే ఆకారములో, అదే రంగులో, ఒక చిన్న గడిగా ఉన్నది. కోయంబత్తూరువానికిని, కోటవానికిని యంత్రము ఆ గడులను ఒకే వరుసలో చూపును. స్వర్ణముఖి నీరు ఎక్కడివఱకు వచ్చునో ఎఱిగిన మనిషి అయినచో తక్కినవానిని విడిచి ఆ ఒక్కదానిపై వ్రేలు పెట్టి “ఇది తీసుకోండన్నా” అని యుండును.

ప్రశ్న అడుగవలసిన బాధ్యత ఎవరిదను వివాదము ఇప్పటిది కాదు. దానికి రెండున్నర శతాబ్దములు దాటినవి. మనకు చేరువనే, వాకాడు దాటిన పిమ్మట, దుగరాజపట్టణము కలదు. ఇంగ్లీషు కంపెనీవారు మదరాసులో కోట కట్టుకొనుటకు పూర్వము, 1620లలో, ఆర్మగాన్ అను పేరుతో వర్తకస్థానము నెలకొల్పి, ఫిరంగులు నిలిపినది అచటనే. ఆ కంపెనీదే యైన మఱియొక కోట సుమత్రా ద్వీపములో బెంకూలెన్ వద్ద నుండెను. పేరు ఫోర్ట్ మార్ల్‌బరో. దాని గవర్నరైన కార్టరునకు, శత్రువులు కోటను పట్టుకొనినచో కలుగు నష్టమునకై 1759 అక్టోబరు మొదలు ఒక యేడాదికి లండనులో బీమా తీసికొనబడెను. ఆ యేడాది ముగియక మునుపే, 1760లో ఫ్రెంచివారు వచ్చి కోటను పట్టుకొనిరి. ఆ కోట బలహీనమైనదని, ఫ్రెంచివారు రాగలరని ముందు తెలిసియు మాకు చెప్పలేదని బీమా యిచ్చిన బోయెమ్ పరిహారమునకు నిరాకరించెను.

1766లో ఈ వ్యాజ్యమును విచారించిన లార్డ్ మాన్స్‌ఫీల్డు, బీమా యనునది పరస్పర విశ్వాసముపై నడచు ఒప్పందమనియు, ఒక పక్షమువానికే తెలిసిన విషయమును అతడు దాచరాదనియు సూత్రము చెప్పెను. నేటికిని బీమా పుస్తకములన్నియు ఈ సగమునే వల్లించును. కాని తీర్పు మాత్రము గవర్నరునకే అనుకూలముగా వచ్చినది. అది యుద్ధకాలము, ఆ కోట స్థితి, ఫ్రెంచివారి బలము లండనులో కూర్చున్నవానికి సైతము తెలిసికొన వీలైనవే, తెలిసికొన వీలుండియు విచారింపక బీమా యిచ్చినవాడు, నష్టము వచ్చిన పిమ్మట దాచిపెట్టితివని నిందింపరాదు. ఇది ఆ తీర్పునందలి రెండవ సగము. దీనిని కంపెనీలవారు అంత తఱచుగా స్మరింపరు.

ఈ రెండవ సగమును ఇప్పటి ఫోను తెరకు అన్వయించి చూచినపుడు నాకు తోచునది ఇది. యంత్రము తనంతట తాను తెలిసికొనగలిగిన విషయములను మనలను అడుగుట మానినది, మంచిదే. కాని తాను తెలిసికొనజాలని విషయములను సైతము అడుగుట మానినది, లేక అడిగియు అడుగనట్లు ఒక చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి యుంచినది. “పై వివరములన్నియు సత్యములని అంగీకరించుచున్నాను” అను వాక్యమునకు ఎదుట మనము పెట్టు ఆ టిక్కుతో, ఏజెంటు అడిగి వ్రాసికొనెడి బాధ్యతయంతయు మన తలపైకి వచ్చినది. ధర తగ్గినదని సంతోషించు వేళ ఈ బదిలీ ఎవరి కంటను పడదు.

రెండు ఉదాహరణములు చెప్పెదను. గతయేడు క్లెయిము తీసికొనని యజమానికి నో క్లెయిమ్ బోనస్ అను తగ్గింపు కలదు. మొదటి యేట 20 శాతముతో మొదలై 25, 35, 45గా పెరిగి ఐదేండ్లకు 50 శాతము వఱకు పోవును. గతయేట క్లెయిము తీసికొంటిరా యని తెర అడుగును. లేదు అను గడిని నొక్కుట ఎంత తేలిక! బంపరు సొట్ట తీయించినది క్లెయిమా యని మనసులో అనుకొని నొక్కినవారు కలరు. అన్న పేరిటనున్న బండికి ఏమియు తెలియకయే నొక్కిన తమ్ములును కలరు. కంపెనీలు ఒకరి రికార్డు నొకరు చూచికొనుటకు నేడు సాధనములున్నవి. హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దేశములోని పాలసీల వివరములను సేకరించుచున్నది. అయినను చాలచోట్ల ఆ పరిశీలన ప్రీమియము పుచ్చుకొను నాడు కాక, క్లెయిము అడిగిన నాడు జరుగును.

రెండవది కిరాయి. వైట్ బోర్డు కారులో, ఊరివారిని ఆసుపత్రికో పెండ్లికో తీసికొనిపోయి పెట్రోలు ఖర్చుపై మఱికొంత పుచ్చుకొనుట మన పల్లెలలో తప్పుగా ఎవ్వరును భావింపరు. అది ఊరి సాయము. ప్రైవేటు కారు పాలసీ మాత్రము కిరాయికై తిప్పినపుడు కలిగిన నష్టమునకు బాధ్యత వహింపదు. ఈ సంగతిని కూర్చుండబెట్టి చెప్పినచో, ఆ కుర్రవాడు ఎల్లో బోర్డు తీసికొనునో మానునో అది వేఱు విషయము, తెలిసి చేయును.

ఇక, ఫోనులోనే కొనుచున్నామను మాటయు మన పల్లెలలో సగము నిజమే. కోటలో ఎందఱో యజమానులు కొనునది తమ ఫోనులో కాదు, నెట్ సెంటరు కుర్రవాని ఫోనులో, లేక పీవోఎస్‌పీ యను పేరిట క్రొత్తగా వచ్చిన అమ్మకపువారి ఫోనులో. పదవ తరగతి చదివి, 15 గంటల శిక్షణ పొంది, పరీక్ష నెగ్గినవారు ఈ పని చేయవచ్చునని 2015లో నియంత్రణ సంస్థ అనుమతించినది. ఎందఱికో ఇది జీవనోపాధియైనది. వారిలో చక్కగా వివరించి చెప్పువారున్నారు. కాని ఫోను నంబరు గడిలో యజమాని నంబరునకు బదులు సెంటరువాని నంబరును, ఈమెయిలు గడిలో ఏదో ఒక చిరునామాను, నామినీ గడిలో తోచిన పేరును నింపుట సర్వసాధారణమైనది. యజమాని స్వయముగా నడుపునపుడు మరణించినచో 15 లక్షల రూపాయలు ఇచ్చు వ్యక్తిగత ప్రమాద బీమా ఒకటి కలదు. అందులో నామినీ పేరు తప్పుగా నున్నచో, ఆ కుటుంబము దుఃఖములో నుండగనే కాగితముల వెంట తిరుగవలెను. గడువు ముగియుచున్నదను హెచ్చరిక సెంటరువానికే పోవును. ఆ కుర్రవాడు బెంగుళూరికి ఉద్యోగమునకు పోయినాడనుకొనుడు, హెచ్చరికయు వానితో బెంగుళూరికే పోవును. మీ పాలసీలో ఉన్నది మీ నంబరేనా యని ఈ రాత్రియే చూచికొనుట మేలు.

క్రొత్త పద్ధతివలన కలిగిన మేలును తక్కువ చేయుట అన్యాయము. పాలసీ కాగితము వానకు తడిసి పోవునను బెంగ లేదు; డిజిలాకరులో చూపినచో పోలీసువారును, రవాణా అధికారులును అంగీకరింపవలెనని 2018లోనే కేంద్రము నిబంధన మార్చినది. పాలసీపై నున్న క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచి అసలుదో నకిలీదో తెలిసికొనవచ్చును. గడువు దాటిన కారును పరీక్షించుటకు పూర్వము నెల్లూరునుండి మనిషి రావలసియుండెను. నేడు యజమానియే కారుచుట్టు తిరిగి వీడియో తీసి పంపిన చాలును. చిన్న సొట్టలకు సర్వేయరు రాకకై దినములు గడపక, ఫోటోలతోనే క్లెయిము తేలుచున్నది. దేశములో రోడ్లపై తిరుగు వాహనములలో సగమునకు మించి బీమా లేనివేనని 2024లో పార్లమెంటు స్థాయీసంఘము ఎత్తిచూపినది. అట్టి వాహనములను కెమెరాతో నంబరు చదివి, వాహన్ రికార్డుతో సరిచూచి పట్టుట నేడు సాధ్యమే. మొదటిసారి పట్టుబడినచో 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వఱకు చెఱ గాని, రెండును గాని చట్టములో నున్నవి. బండి క్రింద పడినవాని పక్షమునుండి చూచినపుడు, ఈ యంత్రము చేసిన ఉపకారములలో ఇదియే పెద్దది.

ముందు రాబోవునది మఱింత విచిత్రము. ఎంత దూరము తిరిగిన అంత ప్రీమియము, ఎట్లు నడిపిన అట్టి ప్రీమియము అను రెండు విధముల అదనపు పథకములకు 2022 జూలైలో నియంత్రణ సంస్థ అనుమతి యిచ్చినది. మొదటిది న్యాయముగానే తోచుచున్నది. ఏడాదిలో పండుగలకు మాత్రమే తీయబడు కారునకును, దినదినము గూడూరు పోవు కారునకును ఒకే ధర యేల? పాత టారిఫు పుస్తకములో చెన్నపట్టణము, హైదరాబాదు మొదలగు ఎనిమిది నగరముల కార్లకు ఒక రేటు, తక్కిన దేశమునకు మఱియొక రేటు నుండెను; కోట చిరునామాతో రిజిస్టరై వారమునకు మూడు మాఱులు చెన్నపట్టణము పోవు రొయ్యల వ్యాపారి కారు ఆ లెక్కలో పల్లెటూరి కారే. కిలోమీటర్లనుబట్టి ధర కట్టుట దానికంటె మేలు.

రెండవ పథకము సంగతి అట్లు కాదు. ఫోనో, కారులో అమర్చిన చిన్న యంత్రమో, ఎంత వేగముగా నడిపితిమి, ఎన్ని మాఱులు గట్టిగా బ్రేకు వేసితిమి అని లెక్కించి మన నడవడికి మార్కులు వేయును. నగరపు విశాలమైన రహదారిలో గట్టిగా బ్రేకు వేయుట దుడుకుతనమునకు గుర్తు కావచ్చును. కోటనుండి వాకాడు పోవు దారిలో, మునిమాపువేళ, బర్రెగొడ్లు రోడ్డు నడుమ నిలిచి నెమరు వేయుచుండగా, గట్టిగా బ్రేకు వేసినవాడు దుడుకువాడా, బుద్ధిమంతుడా? వేయనివాడు ఏమగునో చెప్పనక్కఱలేదు. ఆ లెక్కలు కట్టువాడు బర్రెను తన పట్టికలో చేర్చియుండునని నేను నమ్మను.

కంపెనీలన్నిటిని ఒకే అంగడిలో చేర్చు బీమా సుగమ్ అను ప్రయత్నము నొకదానిని నియంత్రణ సంస్థ తలపెట్టి, 2024లో అందులకు నిబంధనలు చేసినది. కొనుట, మార్చుట, క్లెయిము అడుగుట అన్నియు అక్కడనే జరుగవలెనని సంకల్పము. ప్రైవేటు అంగళ్లలో అమ్మకమే ప్రధానము గనుక ప్రశ్నలు తగ్గించుట వారికి లాభము; ఈ ఉమ్మడి అంగడికి ఆ తొందర యుండనక్కఱలేదు. పాలసీదారుల ప్రయోజన రక్షణకై 2002లో చేసిన నిబంధనలలోనే, బీమా పత్రములను రాజ్యాంగము గుర్తించిన భాషలలో అందింపవచ్చునని యుండెను. ‘అందింపవచ్చును’ అన్నందున అందింపకపోయినను దోషము లేకపోయినది. నేటికిని మన పాలసీలలో మినహాయింపుల పుటలు చాల వఱకు ఇంగ్లీషులోనే యున్నవి. బండి రాత్రివేళ ఎచట నిలుచును, అచట వానాకాలమున నీరు ఎంత ఎత్తు వచ్చును, ఆ బండి ఎన్నడైనను కిరాయికి పోవునా, ఈ మూడు ప్రశ్నలను తెలుగులో అడిగి, సమాధానమునుబట్టి తగిన కవరును ముందు చూపు పుట ఒకటి ఆ అంగడిలో నుండవలెనని కోరుటకు కోటవంటి ఊళ్లవారికి సంకోచ మక్కఱలేదు. కోరవలసిన కార్యాలయము దూరదేశములో లేదు. హైదరాబాదులో, తెలుగు బోర్డుల నడుమనే యున్నది.